కౌజు గుడ్డు బాగుపడాలంటే: కొత్త లైన్ కొనాలా, ఉన్న మందలోనే ఏరుకోవాలా, తల్లుల మేత సరిచేయాలా?

మే నెల వచ్చిందంటే గుమ్మిడిపూండి వైపు నుంచో, తిరువళ్లూరు వైపు నుంచో నాకు ఇదే ఫోను. "అన్నా, పెంకు పల్చబడిపోయింది, ట్రేలో పెడుతుంటేనే చిట్లుతోంది, వేరే లైన్ పిల్లలు కొందామనుకుంటున్నా, ఎవరి దగ్గర మంచివి దొరుకుతాయి?" లైన్ అంటే ఏదో ఒక గుణం కోసం తరాల తరబడి విడిగా ఏరి పెంచిన వంశం. రెడ్‌హిల్స్ దగ్గర నా షెడ్డు పెట్టిన కొత్తలో నేనూ సరిగ్గా ఇదే అడిగాను, డబ్బు పెట్టి కొత్త పిల్లలు తెచ్చాను, మరుసటి మే నెలలో ఆ కొత్తవి కూడా అలాంటి గుడ్లే పెట్టాయి. అందుకే ఎవరు అడిగినా ముందు నేను ఎదురు ప్రశ్న వేస్తాను: గుడ్డులో ఏది బాగాలేదు? తూకమా, పెంకా, సొనా, పొదిగితే పిల్ల రావడం లేదా? ఒక్కోటి ఒక్కో దారిలో తల్లి నుంచి కూతురికి వస్తుంది, కొన్నయితే అసలు రావు. ఇది తేల్చుకోకుండా డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చలేం.

గుడ్డు తూకం మీద జన్యువుల పట్టు బాగా ఎక్కువ. మామూలు కౌజు గుడ్డు 10 నుంచి 12 గ్రాములుంటుంది, ఒకే షెడ్డులో ఒకే దాణా తిన్నా ఒక పెట్ట పది పెడితే పక్కది పన్నెండు పెడుతుంది, ఆ తేడాలో పెద్ద భాగం పుట్టుకతో వచ్చిందే. పెంకు మందం, తెల్లసొన చిక్కదనం మధ్యస్థం, అంటే జన్యువుల పాలూ ఉంది, మేత పాలూ ఎండ పాలూ కూడా ఉన్నాయి. ఏడాదికి ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు పొదిగాయి అనే వాటిలో జన్యువుల వాటా తక్కువ, ఏరి ఏరి పెంచినా నెమ్మదిగానే కదులుతాయి. ఇక పచ్చసొన రంగు దాదాపు పూర్తిగా దాణాదే. పసుపు మొక్కజొన్న వేస్తే రంగు వస్తుంది, నూకలు వేస్తే పాలిపోతుంది. సొన పాలిపోయిందని జాతి మార్చేవాళ్లను చూశాను, ఆ డబ్బు వృథా.

ఫోన్లు ఎక్కువగా పెంకు గురించే కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను. ఎండకు పిట్ట నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినప్పుడు ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, దాంతో రక్తంలో బైకార్బొనేట్ తగ్గుతుంది, పెంకు కట్టడానికి కాల్షియంతో పాటు కావలసిన ముడిసరుకు అదే. దానికి తోడు ఎండకు మేత కూడా తగ్గిస్తుంది, అంటే కాల్షియమూ తగ్గింది. కోడి చాలావరకు పొద్దున్నే పెడుతుంది, కౌజు మాత్రం ఎక్కువగా మధ్యాహ్నం దాటాక, సాయంత్రానికి పెడుతుంది. అంటే పెంకు కట్టే చివరి గంటలు మన మద్రాసు మిట్ట మధ్యాహ్నంలో పడతాయి. రోహిణి కార్తె ఎండలో రేకుల షెడ్డు కింద ఎంత గొప్ప లైన్ పిట్టయినా పల్చటి పెంకే పెడుతుంది. కాబట్టి మీ పెంకు సమస్య ఏప్రిల్‌లో మొదలై వానలు పడ్డాక తగ్గుతుంటే అది జన్యువుల సమస్య కాదు, పిల్లలు కొనకండి, రేకుల మీద తెల్ల సున్నం కొట్టండి, తడి గోనెసంచులు కట్టండి, మేత తెల్లవారుజామునా చల్లబడ్డాకా వేయండి. ఏడాది పొడవునా కొన్ని పెట్టలు మాత్రమే పల్చగా పెడుతుంటే అప్పుడు పుట్టుక గురించి ఆలోచించాలి. ఆ పెట్ట ఏదో పట్టుకోవడం కూడా కష్టం కాదు, ఒక్కో కౌజు పెట్ట మచ్చలు వేసే తీరు దానికే సొంతం, బోనులో నాలుగుంటే వారం రోజులు గమనిస్తే ఏ గుడ్డు ఎవరిదో చెప్పగలరు.

సరే, మీది నిజంగా పుట్టుక సమస్యే అనుకుందాం. మూడు దారులున్నాయి.

మొదటిది కొత్త లైన్ తేవడం. చెన్నైలో ఉన్నవాళ్లకు ఇది సులువు, మాధవరంలో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది, వాళ్ల పౌల్ట్రీ పరిశోధన కేంద్రం నందనం పేరుతో కౌజు లైన్లు తయారుచేసింది. ఉత్తరప్రదేశ్ ఇజత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ కూడా ఎన్నో ఏళ్లుగా లైన్లు నడుపుతోంది, మన దేశానికి జపనీస్ కౌజు వచ్చిందే 1974లో, కాలిఫోర్నియా నుంచి అక్కడికి. ఇలాంటి చోట దొరికే పెద్ద లాభం లెక్క, ఏ పుంజు ఏ పెట్ట, ఏ తరం అన్నది రాసి ఉంటుంది. కానీ ఒక్కటి తప్పకుండా అడగండి: ఈ లైన్ మాంసానికా గుడ్లకా? నందనం కౌజులు ప్రధానంగా మాంసం కోసం ఎదిగినవి. మాంసం లైన్ పెట్ట ఒళ్లు పెద్దది, గుడ్డు కూడా పెద్దదే, చూడగానే ఆశ పుడుతుంది, అయితే బరువు కోసం తరాల తరబడి ఏరిన మందల్లో గుడ్ల సంఖ్య, పొదుగు శాతం దెబ్బతినడం కౌజుల్లో బాగా తెలిసిన విషయం. అమెరికాలోని జార్జియాలో ఒక మందను నాలుగు వారాల బరువు కోసమే 90కి పైగా తరాలు ఏరారు, పిట్టలు మామూలు వాటికంటే చాలా బరువెక్కాయి, సంతానశక్తి మాత్రం దానితో పాటు పెరగలేదు, తగ్గింది. పైగా పెద్ద పిట్ట మేత ఎక్కువ తింటుంది, ఎండకు తట్టుకోవడమూ కష్టమే. గుడ్లు అమ్ముకునేవాళ్లకు పెద్ద గుడ్డు లాభం కాదు. మన బజారులో కాడై ముట్టై, అంటే కౌజు గుడ్డు, లెక్కన అమ్ముతారు కానీ తూకం మీద అమ్మరు.

ప్రైవేటు హ్యాచరీ పిల్లలు చౌక, ఎప్పుడైనా దొరుకుతాయి. గుడ్లు పెట్టించి, ఏడాది తర్వాత మాంసానికి ఇచ్చేసి, మళ్లీ కొత్త బ్యాచ్ తెచ్చుకునేవాళ్లకు నేను ఇదే చెప్తాను, ఆలోచించాల్సిన పని లేదు. వాటి నుంచి మళ్లీ పిల్లలు తీద్దామనుకుంటే మాత్రం జాగ్రత్త. నేను ఒకచోట తెచ్చిన వంద పిల్లలూ చూడటానికి బాగున్నాయి, వాటిలోనే పుంజులనూ పెట్టలనూ కలిపి పొదిగిస్తే కాళ్లు వంకర పిల్లలు, గుడ్డులోనే చచ్చిన పిల్లలు లెక్కకు మించి వచ్చాయి. తర్వాత వెళ్లి గట్టిగా అడిగితే తేలింది, వాళ్ల దగ్గర పొదుగుకు వాడే పుంజులు ఏళ్లుగా అదే కుటుంబానివి. అప్పుడు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది, తప్పు నా ఇంక్యుబేటర్‌దే అనుకుని రెండు నెలలు దాన్ని మార్చుతూ కూర్చున్నాను.

అందుకే రెండో దారి, అంటే ఉన్న మందలోనే ఏరుకోవడం గురించి మాట్లాడేటప్పుడు ముందు రక్తసంబంధం లెక్కే చెప్పాలి. కౌజులు దీనికి కోళ్లకంటే ఎక్కువ దెబ్బతింటాయి. 1966లోనే అన్నాచెల్లెళ్లను జతకట్టి చూసిన పరిశోధన ఉంది, కొన్ని తరాలకే ఆ వరుసలు నిలబడలేకపోయాయి. లెక్క సులువు: ఒకటిని పుంజుల సంఖ్యకు ఎనిమిది రెట్లతో భాగించండి, మళ్లీ ఒకటిని పెట్టల సంఖ్యకు ఎనిమిది రెట్లతో భాగించండి, రెండూ కలపండి. ఒక్క పుంజు, మూడు పెట్టలతో మంద నడిపితే తరానికి దాదాపు 16.7 శాతం రక్తసంబంధం పెరుగుతుంది. మన ఇళ్లలో మేనమామకు మేనకోడలినిస్తే పుట్టే బిడ్డకు అది 12.5 శాతం, దానికే డాక్టర్లు వద్దంటున్నారు. మరి మీ బోనులో ప్రతి తరమూ అంతకంటే ఎక్కువ కలుస్తోంది, కౌజుకు తరం అంటే మూడు నాలుగు నెలలే. నాలుగు పుంజులు, పన్నెండు పెట్టలయితే 4.2 శాతం. ఇరవై పుంజులు, అరవై పెట్టలయితే ఒక శాతం కంటే తక్కువ. ఇక్కడ తిప్పేది పుంజుల సంఖ్యే, పెట్టలను ఎన్ని పెంచినా పుంజులు తక్కువైతే లాభం లేదు.

ఏరితే ఎంత వస్తుందో కూడా చూద్దాం, చాలామంది ఆశ ఇక్కడే తప్పుతుంది. మీ మంద సగటు 11 గ్రాములు అనుకోండి, 12 గ్రాములు పెట్టే పెట్టలనే పొదుగుకు ఉంచారు, పుంజులను మాత్రం చేతికొచ్చినట్టు తీసుకున్నారు. పెట్టల వైపు లాభం ఒక గ్రాము, పుంజుల వైపు సున్నా, సగటున అర గ్రాము. తేడాలో నలభై శాతం జన్యువులదనుకుంటే కూతుళ్లు పెరిగేది 0.2 గ్రాము. అంతే. పుంజులను కూడా వాటి అక్కచెల్లెళ్ల, తల్లుల గుడ్లు చూసి ఏరితే ఇది ఇంకొంత పెరుగుతుంది. పుంజు గుడ్డు పెట్టదు కాబట్టి దానికి గుడ్డు గుణం లేదనుకుంటాం, ఉంది. ఇంకా చెప్పాలంటే పిట్టల్లో ఆడదానికి జెడ్, డబ్ల్యూ అనే రెండు రకాల క్రోమోజోములుంటాయి, మగదానికి రెండూ జెడ్‌లే. కూతురికి ఉండే ఒక్క జెడ్ తండ్రి నుంచే వస్తుంది, తల్లి ఇచ్చేది డబ్ల్యూ. జెడ్ మీద ఉన్న ఏ గుణమైనా కూతురి గుడ్డులో కనిపించిందంటే అది తండ్రి ఇచ్చిందే. నేను పుంజు కోసం ఎక్కువ డబ్బు పెట్టమని, పెట్ట కోసం పెట్టవద్దని చెప్పేది అందుకే.

తూకం ఒక్కదాన్నే పట్టుకుని ఏరకండి, అది పెరిగే కొద్దీ సంఖ్య తగ్గే వైపు మొగ్గుతుంది. నేను చూసేది ఇలా ఉంటుంది: పన్నెండు వారాల వయసులో వరసగా ఐదు గుడ్లు, తూకం సగటు ఉంటే చాలు, పగలగొట్టి గాజుపలక మీద పోస్తే తెల్లసొన పచ్చసొన చుట్టూ నిలబడాలి, పెంకును లోపలి పొరతో పాటు ఎండబెట్టి తూస్తే గుడ్డు బరువులో సుమారు ఎనిమిది శాతం రావాలి. వయసు ఒకటే అయితేనే పోల్చండి, ముసలి పెట్ట గుడ్డు పెద్దదవుతుంది, పెంకు పల్చబడుతుంది, దాన్ని కుర్ర పెట్ట పక్కన పెడితే లెక్కంతా తప్పుతుంది.

మూడో దారి గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే దీనికి ఖర్చు తక్కువ, పట్టించుకునేవాళ్లూ తక్కువ. తల్లి పిల్లకు ఇచ్చేది జన్యువులు ఒక్కటే కాదు. పదిహేడు పద్దెనిమిది రోజులు పిల్లకు కావలసిన మొత్తం తిండి, విటమిన్లు, హార్మోన్లు ఆ పది గ్రాముల గుడ్డులో కట్టి ఇస్తుంది. తల్లికి రైబోఫ్లేవిన్ తక్కువైతే పిల్ల గుడ్డులోనే చస్తుంది, పుట్టినా నూగు సరిగ్గా విచ్చుకోదు. బోనుల దగ్గర గోల, కుక్కల భయం, ఎప్పుడు ఏం జరుగుతుందో తెలియని బెదురు ఉంటే పచ్చసొనలోని హార్మోన్లు మారతాయని, అలాంటి తల్లుల పిల్లలకు బెదురు ఎక్కువని కౌజుల మీదే ప్రయోగాలు చేసి చూశారు. ఇది జన్యువు మారడం కాదు, జన్యువు పనిచేసే తీరు మారడం. డీఎన్ఏ అక్షరాలు అలాగే ఉంటాయి, వాటి మీద పడే రసాయన గుర్తులు ఏ జన్యువును ఎంత పనిచేయించాలో నిర్ణయిస్తాయి, దీన్నే ఎపిజెనెటిక్స్ అంటారు.

ఆ గుర్తులు ఎంత దూరం పోతాయన్నది అసలు ప్రశ్న. మే నెలలో ఎండదెబ్బ తిన్న ఒక పెట్టను తలుచుకోండి. ఆమె ఉంది, ఆమె గుడ్డులో కూతురు ఉంది, ఆ కూతురి పిండంలో రేపు మనవరాలయ్యే బీజకణాలు కూడా అప్పటికే ఉన్నాయి. మూడు తరాలు ఒకే గుడ్డుతో ఆ ఎండను చూశాయి. అందుకే మనవరాలి దాకా తేడా కనిపించినా అది నేరుగా తగిలిన దెబ్బే కావచ్చు, మునిమనవరాలిలో కూడా కనిపిస్తేనే నిజంగా వారసత్వంగా వచ్చిందనాలి. 2017లో ఫ్రాన్స్ పరిశోధకులు కౌజుల మీద ఇలాంటి పనే ప్రచురించారు. ఒకే పునాది పిట్టల నుంచి రెండు వరుసలు తీసి, ఒక వరుస గుడ్లలోకి సోయాలో ఉండే జెనిస్టీన్ అనే పదార్థం ఎక్కించారు, తర్వాత ఇంకేమీ చేయకుండా పెంచుకుంటూ పోయారు, మూడో తరంలో కూడా మొదటి గుడ్డు పెట్టే వయసులో, బరువులో, ప్రవర్తనలో రెండు వరుసల మధ్య తేడాలు నిలిచాయి. దీన్ని చూసి సోయా దాణా మానేయకండి, అక్కడ గుడ్డులోకి సూదితో ఎక్కించారు, మనం తల్లికి తినిపించేదానికీ దానికీ పోలిక లేదు. నేను తీసుకున్నది ఒక్కటే: తల్లికి జరిగింది కూతురితో ఆగిపోతుందని ధీమాగా ఉండలేం.

ఇంకో మెలిక కూడా ఉంది. స్లొవేకియాలో పచ్చసొనలో టెస్టోస్టిరోన్ ఎక్కువ పెట్టే కౌజులను ఒక వరుసగా, తక్కువ పెట్టేవాటిని ఇంకో వరుసగా ఏరి పెంచితే రెండూ విడిపోయాయి. అంటే తల్లి గుడ్డులో ఏం కట్టి ఇవ్వాలన్నది కూడా కొంత జన్యువుల మీదే ఆధారపడింది. జన్యువులా, మేతా అని రెండుగా చీల్చి మాట్లాడటం మనకు సౌకర్యం కోసమే.

మరి చేయాల్సిందేమిటి? పొదుగు గుడ్లు తీసే పెట్టలకు వేరే దాణా వేయండి. పెట్టే కౌజుకు మాంసకృత్తులు 20 శాతం, కాల్షియం 2.5 శాతానికి తగ్గకుండా ఉండాలి, అమ్మకపు కోడి లేయర్ దాణాలో మాంసకృత్తులు సాధారణంగా దీనికంటే తక్కువ, చాలామంది అదే వేసి సరిపెడతారు. మెథియోనిన్, కోలిన్, ఫోలిక్ యాసిడ్, బి12 సరిపడా ఉన్నాయో లేదో బస్తా మీద చూడండి, డీఎన్ఏ మీద పడే రసాయన గుర్తులని చెప్పానే, వాటిలో ఒక రకమైన మిథైల్ గుర్తులకు ముడిసరుకు వీటి నుంచే వస్తుంది. ఇవన్నీ మంచి బ్రీడర్ దాణాలో ఉండేవే. ఎపిజెనెటిక్ అని పేరు పెట్టి ప్రత్యేకంగా అమ్మే పొడి ఏదైనా మీ దగ్గరకొస్తే నేనయితే కొనను, ఆ డబ్బుతో ఫ్యాను పెట్టిస్తాను. పొదుగు గుడ్లను ఏప్రిల్, మే నెలల్లో తీయకపోవడం ఇంకా మంచిది. నేను నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యనే మందను మార్చుకుంటాను.

రంగుల సంగతి క్లుప్తంగా. నీలం గుడ్లు పెట్టే కౌజులకు ఈమధ్య గిరాకీ ఉంది, ఆ గుణం అణగి ఉండేది, తల్లీ తండ్రీ ఇద్దరూ ఇస్తేనే కూతురి గుడ్డులో కనిపిస్తుంది, మామూలు పుంజుతో కలిపితే మొదటి తరం అంతా మచ్చల గుడ్లే. రంగు పెంకుకు మాత్రమే, నీలమైనంత మాత్రాన లోపల పోషకాలు పెరగవు. బంగారు రంగు ఈకల కౌజులు కొంటే మాత్రం ఇది గుర్తుంచుకోండి, ఆ పసుపు జన్యువు రెండు వైపుల నుంచీ వస్తే పిల్ల గుడ్డులోనే చస్తుంది. బంగారు పుంజును బంగారు పెట్టతో కలిపితే నాలుగో వంతు గుడ్లు పోవడం ఖాయం. బంగారు పెట్టలకు మామూలు రంగు పుంజును వేయండి, సగం పిల్లలు బంగారు రంగులోనే వస్తాయి, ఒక్కటీ ఈ కారణంతో చావదు.

రెండు లైన్లలో ఏది మేలో తేల్చుకోలేకపోతే, అమ్మేవాళ్ల మాట వదిలేసి మీరే పరీక్షించండి. పొదుగు గుడ్లు రెండు చోట్ల నుంచీ తెచ్చి ఒకే ఇంక్యుబేటర్‌లో పొదిగించి, ఒకే బ్రూడర్‌లో (పిల్లలను వెచ్చగా ఉంచే గూటిలో) పెంచండి. మొదటి బ్యాచ్ చూసి తీర్పు చెప్పకండి, వాటి గుడ్డు ఆ ఫారం తల్లుల దాణాతో తయారైంది, ఆ ప్రభావం ఇంకా ఉంటుంది. రెండో తరానికి అడ్డం తిప్పి కలపండి: ఈ లైన్ పుంజుకు ఆ లైన్ పెట్టలు, ఆ లైన్ పుంజుకు ఈ లైన్ పెట్టలు. రెండు రకాల కూతుళ్లూ ఒకేలాంటి గుడ్డు పెడితే ఆ గుణం మామూలు జన్యువులది, తల్లి వైపు నుంచి వచ్చినా తండ్రి వైపు నుంచి వచ్చినా ఒకటే. రెండు జతల్లోనూ కూతురు తల్లి లైన్‌లా పెడితే అది ఎక్కువగా తల్లి ప్రభావం, కొత్త పుంజు కొనడం దండగ, తల్లులను చూసుకోండి. రెండు జతల్లోనూ తండ్రి లైన్‌లా పెడితే జెడ్ క్రోమోజోమ్‌ను అనుమానించండి, పుంజు కొంటే చాలు. దీనికి రెండు తరాలు పడతాయి, ఆరేడు నెలలు, కానీ దీని కంటే నమ్మకమైన జవాబు ఏ హ్యాచరీ కాగితం మీదా దొరకదు.

ఇప్పుడు నన్ను అడిగితే, యాభై పిట్టలలోపు ఉండి ఇంటికీ చుట్టుపక్కలవాళ్లకూ గుడ్లు ఇచ్చేవాళ్లు ఏరడం జోలికి పోవద్దు, ఆ సంఖ్యతో లాభం కంటే రక్తసంబంధం నష్టం ఎక్కువ. తల్లుల మేత, నీడ చూసుకుని ఏడాదికోసారి పిల్లలు కొనుక్కోండి. రెండు మూడు వందలు ఉండి సొంతంగా పొదిగించేవాళ్లు మందను నాలుగు బోనుల వరసలుగా విడదీసి, ప్రతి తరం పుంజులను ఒక వరస ముందుకు జరపండి, ఒకటో వరసవి రెండుకు, రెండోవి మూడుకు, నాలుగోవి మళ్లీ ఒకటికి, ఏడాదికోసారి గుడ్ల లైన్ నుంచి నాలుగైదు కొత్త పుంజులు తెచ్చి చేర్చండి. పిల్లలు అమ్మేవాళ్లకు మాత్రం మూడు దారులూ కావాలి, వాళ్ల ఒక్క పొరపాటు వంద ఇళ్ల బోనుల్లోకి వెళ్తుంది కాబట్టి.

కొత్త పుంజులను తెచ్చిన రోజే పెట్టల్లోకి వదలకండి, మూడు వారాలు వేరే షెడ్డులో ఉంచి రోగం ఏదీ లేదని చూసుకోండి. పాత పుంజును తీసిన తర్వాత కూడా పెట్ట ఒంట్లో దాని వీర్యం వారం పది రోజులు నిలిచి ఉంటుంది, అందుకని కొత్త పుంజును వేశాక రెండు వారాలు వచ్చిన గుడ్లన్నీ అమ్మేసి, పదిహేనో రోజు నుంచి పెట్టిన గుడ్లనే పొదుగుకు పక్కన పెట్టండి, వాటి మీద పెన్సిల్‌తో తేదీ, వరస నంబరు రాయండి.